తిరిగొచ్చిన బోణీ

ఎండ మెండుగా కాసిన రోజు

నాలుగు తొట్లూ బాగున్నాయి. నీళ్ళలో ఉప్పు ఉండాల్సినంతే ఉంది. గాలి మోటార్లు నాలుగూ తిరుగుతున్నాయి. రొయ్య పిల్లలు వేసిన మేత వేసినట్టే లాగించేస్తున్నాయి.

సంఘం రూలు ప్రకారం ఈ రికార్డులో ఇంతవరకే రాయాలి. "వీరవేణీ, నీ రికార్డులో హేచరీ సంగతి చిటికెడు, ఊరి సంగతి తట్టెడు" అని సంఘం పెద్ద పోయిన మీటింగులో నలుగురి ముందూ దెప్పాడు. దెప్పనీ. తొట్లో పిల్లలు ఎందుకు బతికాయో, ఎందుకు చచ్చాయో రాయమంటారు. ఊరిని వదిలేసి అదెలా రాస్తారో నాకు తెలీదు.

అసలు సంగతి ఏమిటంటే మబ్బులొస్తున్నాయి. ఎండ పట్టే పలకల తెప్ప వాళ్ళు పొద్దున్నే మైకులో చెప్పారు. మబ్బు పట్టిందంటే నీళ్ళ మీద తెప్పలు కట్టుకుని ఉంటున్న మా కొత్తరేవులో ప్రతి తెప్పకీ వచ్చే ఎండ వాటా సగానికి కోసేస్తారు. ఆ సగంతో నాకు రెండు మోటార్లే తిరుగుతాయి. మిగతా రెండు తొట్ల పిల్లలకి గాలి అందదు. పన్నెండు తెప్పల కింద ఉన్న వలల మడుగుల్లో ఈ ఏడాది వదలాల్సిన సీడంతా ఈ నాలుగు తొట్లలోనే ఉంది. ఇది పోతే ఏడాదంతా అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి.

కాబట్టి మబ్బు పట్టేలోగా నాలుగు ఫోన్లు అమ్మి, కొండ మీంచి ఎండ తెప్పించుకుని బ్యాటరీ గదిలో నింపుకోవాలి. పప్పు కొన్నా, గుడ్డ కొన్నా, ఫోను అమ్మినా మాకు చెల్లేది ఎండే. పంపినవాళ్ళ బ్యాటరీ గదిలో ముల్లు దిగుతుంది, అందుకున్నవాళ్ళ గదిలో లేస్తుంది.

ఫోన్లు బాగుచేసేది మా నూకరాజు మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. అమ్మేది నేను. సముద్రం ఊళ్ళని ముంచిన వెనకటి మునకప్పుడు తెప్పల మీద ఇంటికొకటి చొప్పున పంచిన నీలం వీపు ఫోన్లు ఇప్పటికీ మా దగ్గర బోలెడున్నాయి. మునగకుండా కొండ మీద మిద్దెల్లో ఉండేవాళ్ళకి అవంటే మహా మోజు. కొత్త ఫోన్లు మనం అడక్కపోయినా మాట్లాడతాయట, మనం మాట్లాడేది వింటూ కూర్చుంటాయట. నీలం వీపువి అడిగితేనే పలుకుతాయి. మంచి మర్యాదస్తుల ఇంట పుట్టిన ఫోన్లు అని మావయ్య వాటి తరఫున గొప్పలు పోతుంటాడు.

ఎండ, గాలి కలిసొచ్చిన రోజు

తొట్లు బాగున్నాయి.

ఈ రోజు ఒకావిడ తగిలింది. ఫోను ధర మూడొందల ఎండ. ఆవిడ తొందరలో సున్నా ఎక్కువ కొట్టి మూడు వేలు పంపేసిందట. కింద రసీదు బొమ్మ కూడా పెట్టింది. "మా అత్తగారికి తెలిస్తే నన్ను ఉండనివ్వరు అక్కా, మిగతాది వెనక్కి పంపండి" అని ఒకటే ఏడుపు. నేను కరిగిపోయి వేలు పంపే గడి మీద పెట్టేశాను కూడా.

మావయ్య మాత్రం లుంగీ ఎగగట్టుకుని బ్యాటరీ గదిలోకి వెళ్ళి ముల్లు చూసొచ్చాడు.

"ఏటే, బొమ్మ చూసి పంపేత్తావా? అక్కడ ముల్లు కదల్లేదు. నువ్వు పంపేది ఆవిడ ఎండ కాదు, మన ఎండే" అన్నాడు.

నాకు కోపం కన్నా ఆసక్తి ఎక్కువైంది. ఆవిడతో ఇంకాసేపు మాట్లాడాను. అత్తగారి పేరేమిటి, ఆవిడకి ఎండ లెక్క ఎలా తెలుస్తుంది, ఇంట్లో ముల్లు ఎవరు చూస్తారు అని అడుగుతూ పోయాను. మూడో ప్రశ్నకే మనిషి మాయమైంది.

దాని వెనకే ఇంకొకడు. ఎండ నా గదిలోకి రావాలంటే నా తాళం మాట చెప్పాలట. "ఇంట్లోకి వచ్చేదానికి తాళం ఎందుకయ్యా, బయటికి పోయేదానికి కదా కావాలి?" అని అడిగాను. వాడూ మాయమే.

ఇన్నాళ్ళూ ఇలాంటివాళ్ళ చేతిలో నేను మోసపోలేదంటే అందుకు కొన్ని అలవాట్లున్నాయి. ఫోను వీపు మీది నంబరు కెమెరాకి చూపిస్తాను. పనిచేస్తోందని వెలిగించి చూపిస్తాను. డబ్బాలో పెట్టి మూత అతికించేదాకా వీడియో తీస్తాను. ఎవరెంత బతిమాలినా బేరం మధ్యస్తం కిటికీలోనే ఆడతాను. మధ్యస్తం అంటే మనిషి కాదు, ఇద్దరి మధ్యా ఎండ పట్టుకుని కూర్చునే యంత్రం. కొన్నవాళ్ళు డబ్బా తెరిచి "అందింది" అంటేనే ఎండ వదులుతుంది. ఆ తర్వాత కూడా ఫిర్యాదుకి కొంత గడువుంటుంది.

ఈ జాగ్రత్తలన్నీ నేను తప్పకుండా పాటిస్తాను. ఒక్క బోణీ బేరానికి తప్ప.

ఆకాశం గచ్చు రంగుకి తిరిగిన రోజు

తొట్లు బాగున్నాయి. మూడో తొట్లో పిల్లలు అన్నిటికన్నా చురుగ్గా ఉన్నాయి.

తెల్లారీ తెల్లారకుండానే బోణీ తగిలింది. సువర్ణ్ అని కొండ మీది మనిషి. నా దగ్గరున్న వాటిలో మేలైన నీలం వీపు ఫోను, మావయ్య కొత్త బ్యాటరీ వేసింది, అడిగిన ధరకే తీసుకున్నాడు. బేరమాడలేదు. "తొలి బేరం నాదే అనుకుంటాను, శుభం" అన్నాడు. ఆ మాటతో నా కడుపు నిండింది. కొండ మీద వాళ్ళకి బోణీ అంటే ఏమిటో తెలియదనుకునేదాన్ని.

బోణీకి వచ్చినవాళ్ళని మా తెప్పల మీద ఎవరూ అనుమానించరు. నంబరు చూపించి వీడియో తీయడమంటే "నువ్వు దొంగవేమో" అని మొహం మీద అడిగినట్టే. పొద్దున్నే ఆ మాటతో మొదలుపెడితే రోజంతా అలాగే ఏడుస్తుంది. కాబట్టి వీడియో తీయలేదు. ఫోను కళ్ళకద్దుకున్నాను. వీపు మూత తీసి, బ్యాటరీ కింద ఎప్పటిలాగే చిన్న పసుపు బొట్టు పెట్టాను. ఎగిరే డబ్బాలో పెట్టి కొండ మీదికి పంపేశాను.

మధ్యాహ్నానికల్లా "అందింది" అన్నాడు. ముల్లు చూస్తే ఎన్నాళ్ళుగానో చూడనంత పైకి లేచి ఉంది. మావయ్యని పిలిచి చూపించాను. మబ్బులొచ్చి పోయేదాకా నాలుగు మోటార్లూ తిరుగుతాయి అన్నాడు. ఇద్దరం చెరో కప్పు టీ ఎక్కువ తాగాం.

మబ్బు పట్టిన రోజు

వాటా సగానికి కోశారు. ఫోను అమ్మిన ఎండ ఉంది కాబట్టి మోటార్లు నాలుగూ తిరుగుతున్నాయి. పక్క తెప్పల్లో దీపాలు తగ్గించేశారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. రాయకూడదు గానీ రాస్తున్నాను.

మబ్బు ముదిరిన రోజు

మూడో తొట్టి, నాలుగో తొట్టి మోటార్లు ఆగిపోయాయి.

ముందు తీగ ఊడిందనుకున్నాను. బ్యాటరీ గదిలోకి పరిగెత్తాను. ముల్లు నేను చూస్తుండగానే దిగుతోంది. ఎవరో అవతలి నుంచి గొట్టం పెట్టి పీల్చేస్తున్నట్టు దిగి, అడుగుకి వచ్చి ఆగింది.

మధ్యస్తం కిటికీ తెరిస్తే అక్కడుంది సంగతి. సువర్ణ్ ఫిర్యాదు పెట్టాడు. నేను పంపిన ఫోను వెలగడం లేదట. వెలగని నీలం వీపు ఫోనుతో వీడియో కూడా పెట్టాడు. నా జవాబు కోసం గడువిచ్చామని, రాలేదని, ఎండ వెనక్కి ఇచ్చేశామని మధ్యస్తం రాసింది. ఆ గడువంతా నేను మేత గిన్నెలు కడుగుతూ, మబ్బుల్ని తిడుతూ గడిపాను. కిటికీ తెరిచి చూడలేదు.

"నేను పంపింది వెలిగే ఫోనే" అన్నాను.

"ప్యాకింగు వీడియో చూపించండి" అంది మధ్యస్తం.

"లేదు. బోణీ బేరం."

"ఆ పదానికి మా నిబంధనల్లో అర్థం లేదు. వీడియో లేదని నమోదు చేస్తున్నాము."

ఆ మాటకి యంత్రమని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. అదేమో "మీ భావాలను గౌరవిస్తున్నాము" అంది. ఇంకా మండింది.

మూడు, నాలుగు తొట్ల పిల్లల్ని మిగతా రెండింట్లో కలిపితే ఇరుకై అన్నీ పోతాయి. అందుకని నేనొక తొట్లో, మావయ్య ఒక తొట్లో వెదురు బద్దలతో నీళ్ళు కొడుతూ కూర్చున్నాం. నీళ్ళు చిందితే గాలి కలుస్తుంది. చేతులు పడిపోయాయి. ఆపితే పిల్లలు పైకి తేలి కొట్టుకుంటున్నాయి. వాటిని చూస్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సాయంత్రం ఎగిరే డబ్బా వచ్చి గుమ్మంలో దిగింది. సువర్ణ్ ఫోను తిప్పి పంపాడు.

మబ్బు కదలని రోజు

మావయ్య ఆ డబ్బా తెరవద్దన్నాడు.

"బోణీ సామాను ఎదురొచ్చింది. దాన్ని గుమ్మం దాటించకు. సముద్రంలో పారెయ్యి, ఎవరికీ సెప్పకు. సీడు కొనేవాళ్ళకి తెలిసిందా, మన తెప్ప వంక చూడరు."

వెదురు బద్ద మావయ్య కొడుకు చేతికిచ్చి నేను డబ్బా తెరిచాను. మూసినదాన్ని తెరిచి చూడకపోతే నాకు అన్నం సహించదు. ఫోను నీలం వీపుదే. వెలగదు. వీపు మూత తీశాను. లోపల బోర్డు లేదు. డొల్ల. బ్యాటరీ కూడా ఉబ్బిపోయిన పాతది.

ఇక్కడిదాకా మామూలు దొంగతనమే. బ్యాటరీ ఎత్తి చూస్తే దాని కింద నా పసుపు బొట్టు లేదు. ఆ చోట జిడ్డు మరక ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అత్తరు వాసన గుప్పుమంది.

తెప్పల మీద బోణీ సామానుకి అత్తరు అద్దేది ఒక్కరే. ఆరో తెప్ప మీద గొడుగులు కుట్టే మస్తాన్‌బీ వదిన.

పడవేసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే వాసన చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది. నన్ను లోపలికి లాగి తలుపేసింది.

"ఎవరికైనా చెప్పావేంటి వేణమ్మా?"

"ఇది నీదే కదా వదినా?"

"నాదే. కానీ నాకు తిరిగొచ్చింది ఇది కాదు." పెట్టె అడుగు నుంచి ఇంకో డొల్ల తీసింది. అందులో బ్యాటరీ కింద కాటుక చుక్క ఉంది. దిష్టికి కాటుక పెట్టేది వలలల్లే పోలమ్మత్త అని ఇద్దరికీ తెలుసు. పోలమ్మత్త దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. తనకి తిరిగొచ్చినదాన్ని ఆవిడ చూడనైనా చూడకుండా సముద్రంలో విసిరేసిందట. "నాకు మాత్రం ఎదురు రావాలేటే" అని కళ్ళొత్తుకుంది.

తిరుగు పడవలో నాకు మొత్తం బోధపడింది. మనం పంపిన ఫోను ఒలుచుకోవడానికి వాడికి తీరిక కావాలి. ఫిర్యాదు గడువేమో చిన్నది. అందుకని మనకన్నా ముందు మోసపోయినవాళ్ళ డొల్లని మనకి తిప్పి పంపేస్తాడు. మన డొల్ల తర్వాతి వాళ్ళకి. ఫోన్లన్నీ ఒకే రకం, ఒకే రంగు. నంబరు తీసుకున్నవాళ్ళు లేరు. బోణీ కాబట్టి వీడియో లేదు. ఎదురొచ్చిన బోణీ కాబట్టి ఒకరికొకరు చెప్పుకోవడం లేదు.

"వదినా, దీన్ని ఇటు పట్టుకో" అన్నాను. వెలుగులో రెండు డొల్లలూ పక్కపక్కన పెట్టి చూశాం. బోర్డు ఊడదీసిన చోట వాడు శుభ్రంగా స్పిరిటుతో తుడిచాడు. మూలమూలలా తుడిచాడు, పనితనం ఉంది. కానీ అత్తరు మరక దగ్గరికి రాగానే తుడుపు ఆగిపోయింది. కాటుక చుక్క చుట్టూ కూడా అంతే. చుట్టూ తళతళలాడుతోంది, చుక్క చుక్కలాగే ఉంది.

కొండ మీది వాడైతే ఆ చుక్కని మురికి అనుకుంటాడు. ఒక్క తుడుపుకి పోతుంది.

"వీడు మనవాడు వదినా" అన్నాను. మస్తాన్‌బీ వదిన రెండు డొల్లలూ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత "అల్లా" అని మాత్రం అంది.

వాన మొదలైన రోజు

నాలుగో తొట్టి పోయింది. పిల్లలన్నీ అడుగుకి దిగి తెల్లగా తిరిగిపోయాయి. మూడో తొట్లో సగం తేలుతున్నాయి.

మధ్యస్తాన్ని మళ్ళీ అడిగాను, ఈసారి తిట్టకుండా. ఇలాంటి ఫిర్యాదులు ఇంకా ఉంటే వాడి పుట్టు పూర్వోత్తరాలు చూస్తావా అన్నాను. అమ్మినవాళ్ళు కలిసి అడిగితే డబ్బాలు ఏ మిద్దె మీద దిగాయో చూడొచ్చు అంది. ఒక్కరు అడిగితే చూడకూడదట. తెప్పల మీది నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదని కూడా చెప్పింది. రాదు మరి. ఎవరు చెప్తారు?

మస్తాన్‌బీ వదిన, పోలమ్మత్త తప్ప ఇంకెవరు మోసపోయారో నాకు తెలీదు. ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఒక్కటే దారి ఉంది. నేను మైకు గది వైపు బయల్దేరితే మావయ్య అడ్డం నిలబడ్డాడు. మావయ్యకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"బోణీ ఎదురొచ్చిందని పొద్దున్నే, బోణీ వేళలో, ఊరందరి చెవిలో ఊదుతావా? నీకు మతుండే మాట్లాడతన్నావా? రేపు నీ చేత్తో సీడు ఎవరు పుచ్చుకుంటారే?"

"సీడుంటే కదా మావయ్యా పుచ్చుకోడానికి!"

"నీ తర్వాత నీ తెప్ప మీద ఎవరూ యాపారం సెయ్యలేరు."

"పక్కకి జరుగు."

జరిగాడు. మైకు గదిలో ఆటుపోట్లు చదివే అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. మీట నొక్కాను. నా ఊపిరి నాకే పన్నెండు తెప్పల మీద నుంచి వినపడింది.

"నేను హేచరీ వీరవేణిని. నా బోణీ ఎదురొచ్చింది" అన్నాను. ఆ మాట అన్నాక మిగతాది తేలికైంది. నీలం వీపు, డొల్ల, అత్తరు, కాటుక అన్నీ చెప్పాను. ఎవరి సామానని మాత్రం చెప్పలేదు. "నాది పసుపు బొట్టు. ఎవరి దగ్గరైనా ఉందా?"

మీట వదిలాను. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మైకు అమ్మాయి నా వంక చూడకుండా నేల చూస్తోంది. ఇంటికెళ్ళి తొట్టి కొట్టుకుందాం అనుకుని లేచాను.

అప్పుడు తెప్పల నుంచి జవాబులు వినిపించే పెట్టెలో పదకొండో తెప్ప నుంచి ఒక మగ గొంతు వచ్చింది. బిడియంగా ఉంది. "అక్కా, నేను సత్తిపండునండి, ఐస్ పెట్టె నడిపేవోణ్ణి. మాదీ ఎదురొచ్చిందండి. నిన్ననే. పారేద్దామని తీసుకెళ్తన్నాను. ఆగండి, మూత తీత్తన్నా." చాలాసేపు గరగరలు. "పసుపుందండి!"

నేను కూర్చుండిపోయాను. ఆ తర్వాత గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మస్తాన్‌బీ వదిన గొంతు గుర్తుపట్టాను. పోలమ్మత్త ఏడుస్తూనే చెప్పింది. నాకు తెలియనివాళ్ళు కూడా ఉన్నారు.

ఇంటికొచ్చేసరికి మూడో తొట్టి చుట్టూ మనుషులున్నారు. సత్తిపండు తెడ్డుతో నీళ్ళు కొడుతున్నాడు. అరుస్తాడనుకున్న మావయ్య వాళ్ళకి వంతులు వేస్తున్నాడు.

వాన వెలిసిన రోజు

మూడో తొట్టి ఇంకా బతికే ఉంది. చేతి బలంతో.

మధ్యస్తం అందరి ఫిర్యాదులూ కలిపి చూసింది. కొన్నవాళ్ళ పేర్లు వేరు వేరు, డబ్బాలు దిగిన మిద్దె ఒకటే. నన్నూ, ఆ మిద్దె మనిషినీ ఒకే ఫోను లైనులోకి పిలిచింది. మా గదిలో నా చుట్టూ మావయ్య, మస్తాన్‌బీ వదిన, సత్తిపండు కూర్చున్నారు.

అతను కొండ భాషలో నెమ్మదిగా మాట్లాడాడు. పాతికేళ్ళుంటాయేమో. "ఇవన్నీ వేరు వేరు కొనుగోళ్ళండీ. నాణ్యత లేని సరుకు వచ్చింది, తిప్పి పంపాను. వీళ్ళలో ఏ ఒక్కరికీ అభ్యంతరం లేదు. ఒక్కరైనా ఫిర్యాదు చేశారేమో చూడండి."

"ఇప్పుడు చేశారు" అంది మధ్యస్తం. "వాన మొదలైన ఉదయం పన్నెండు తెప్పల వారూ వినేటట్టు ప్రకటన చేశారు."

అవతల ఏదో కింద పడిన చప్పుడు.

"మైకులోనా? బోణీ సంగతి మైకులో సెప్పేశారా?" కొండ భాష ఎక్కడికి పోయిందో పోయింది. "పొద్దున్నే? ఎవరన్నా సెప్తారేటండీ! అలా సెప్పకూడదండీ అక్కా!"

నిజంగానే భయపడ్డాడు. దొంగతనం బయటపడినందుకు కాదు, నేను ఆ మాట బయటికి అన్నందుకు. మా గదిలో ఎవరూ నవ్వలేదు.

"నువ్వెందుకు తుడవలేదు బాబూ?" అని అడిగాను. "అన్నీ తుడిచావు. చుక్కలు ఎందుకు వదిలేశావు?"

"తుడవబుద్ధి కాలేదండి."

"ఆ వస్తువులు మీ చేతిలో విప్పబడ్డాయని ఒప్పుకున్నట్టేనా?" అంది మధ్యస్తం. దానికి చుక్కల సంగతి అక్కర్లేదు.

"ఒప్పుకున్నట్టేనండి."

మధ్యస్తం ఏదో పెద్ద తీర్పు చదవడం మొదలుపెట్టింది. నేను సగమే విన్నాను. బ్యాటరీ గదిలో ముల్లు లేస్తోందని సత్తిపండు అరిచాడు, వెంటనే మూడో తొట్టి మోటారు గుర్రుమంది. మస్తాన్‌బీ వదిన నా చెయ్యి పట్టుకుంది. నాకు ఎంత సంతోషమేసిందంటే ఒక్క క్షణం అతన్ని మర్చిపోయాను.

కానీ నాకొక సందేహం మిగిలింది. అందరి డొల్లా ముందువాళ్ళదైతే, మొట్టమొదట పంపిన డొల్ల ఎక్కడిది? అడిగాను.

లోవరాజు అని అసలు పేరు చెప్పాడు. తొమ్మిదో తెప్ప. "మా అమ్మదేనండి. చాన్నాళ్ళ కిందట అమ్ముకుంది. బోణీ. కొండ మీది వాడెవడో తీసుకుని, డొల్ల తిప్పి పంపాడు. ఎండ లాగేసుకున్నాడు. అప్పుడు మా ఇంట్లో ఐస్ పెట్టె ఆగిపోయి, సరుకంతా కుళ్ళిపోయి, మేం తెప్ప వదిలి వచ్చేశాం. అమ్మ ఎవరికీ సెప్పలేదండి. నాక్కూడా. ఆవిడ పోయాక పెట్టెలో ఆ డొల్ల దొరికింది. మూత తీసి చూశాను. ఎలా సేశాడో నాకప్పుడు తెలిసింది."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"బోణీ సంగతండి" అన్నాడు. అంతకన్నా కారణం అక్కర్లేదన్నట్టు అన్నాడు.

నాకతని మీద కోపం పోలేదు. నాలుగో తొట్టి పిల్లల్ని నేనే చేత్తో ఎత్తి సముద్రంలో పోశాను, ఆ కోపం పోదు. కానీ తొమ్మిదో తెప్ప మీద ఐస్ పెట్టె ఆగిపోయిన ఇల్లు నాకు గుర్తుంది. పక్కనుంచి పడవలో పోతూ, వీళ్ళు ఎందుకు ఖాళీ చేస్తున్నారా అని ఆరోజు మేమందరం అనుకున్నాం. ఎవరం అడగలేదు.

ఎండొచ్చిన రోజు

మూడు తొట్లు బాగున్నాయి. పిల్లలు మేత తింటున్నాయి. సీడు ఈ ఏడాదికి పన్నెండు తెప్పలకీ తక్కువే, అయినా అందరికీ తలా కొంచెం వస్తుంది. వద్దన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

పొద్దున్నే ఒక ఫోను బేరం తగిలింది. వీడియో తీస్తాను, నంబరు చదివి వినిపిస్తాను అంటే ఆయన "బోణీ వేళ ఇదేంటండీ" అని నొచ్చుకున్నాడు. బోణీ కాబట్టే అన్నాను. కొన్నాడు.

తర్వాత మేత తేవడానికి పోతూ మైకు గది మీదుగా వెళ్ళాను. తలుపు ముందు మనుషులు వరుసలో నిలబడ్డారు, వాన వెలిసిన చల్లటి గాలికి దుప్పట్లు కప్పుకుని. ఏమిటా అని ఆగి విన్నాను. లోపలొకావిడ, ఎప్పుడో మునక ముందు నాటి బేరం, ఎదురొచ్చిన కుట్టు మిషను సంగతి చెప్తోంది. ఆవిడ బయటికొచ్చి ముక్కు చీదుకుని నవ్వింది. తర్వాతి మనిషి లోపలికెళ్ళాడు.

వరుసలో చివర మా మావయ్య ఉన్నాడు.

"నీకూనా మావయ్యా?"

నా వంక చూడలేదు. తువ్వాలు సరిచేసుకున్నాడు.

"నీ పెళ్ళికి ముందు సంగతేలే. నువ్వు తొట్ల దగ్గరికి పో" అన్నాడు.

నేను పోలేదు. ఆయన వంతు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను.